ప్రాగ్‌లో రెండున్నర రోజులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

జర్మనీ, ఆస్ట్రియాలలో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఎక్కువైన కొద్దీ, పక్కనే ఉన్న చెక్ రాజధాని ప్రాగ్ గురించి ఈ శీర్షికకు ఉత్తరాలు కూడా ఎక్కువయ్యాయి. ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నవాటిని ఈసారి ఒకచోట చేర్చి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి డ్రెస్‌డెన్‌లో ఎం.ఎస్. చేస్తున్నాడు. సెప్టెంబరు మధ్యలో నేనూ మావారూ అక్కడికి వెళ్తున్నాం. ఒక శుక్రవారం ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి ప్రాగ్ చేరి, ఆదివారం రాత్రికి తిరిగి రావాలని అనుకుంటున్నాం. నాకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. అబ్బాయి ఇచ్చిన జాబితాలో 22 స్థలాలు ఉన్నాయి. వీటిలో ఏవి చూడాలి, ఏ వరసలో చూడాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందుగా వీసా సంగతి చూద్దాం. చెక్ రిపబ్లిక్ 2007 డిసెంబరు నుంచి షెంగెన్ ప్రాంతంలో ఉంది కాబట్టి జర్మనీకి తీసుకున్న షెంగెన్ వీసాతోనే అక్కడా తిరగవచ్చు. మీరు ఎక్కువ రోజులు ఉండేది జర్మనీలో గనుక దరఖాస్తు చేయవలసింది కూడా జర్మనీకే. సరిహద్దులో గేటు లేదు కదా అని పాస్‌పోర్టులను అబ్బాయి గదిలో వదిలి వెళ్ళకండి. రైలులోనే పోలీసులు వచ్చి అడగవచ్చు. డ్రెస్‌డెన్ నుంచి ప్రాగ్‌కు రైలులో సుమారు రెండున్నర గంటలు పడుతుంది. దారిలో చాలా భాగం ఎల్బే నది ఒడ్డునే సాగుతుంది కాబట్టి వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఇసుకరాతి కొండలు, నది రెండూ కనిపిస్తాయి.

ఇక జాబితా సంగతి. 22 స్థలాలను రెండున్నర రోజులలో చూడవచ్చు, కానీ ఇంటికి వచ్చాక ఏది ఎక్కడ చూశారో ఫొటోలు చూసుకుని గుర్తు తెచ్చుకోవలసి వస్తుంది. అందులో సగానికి పైగా కొట్టివేసి, మిగిలినవాటిని వారం, వేళ, నేల వాలు ఈ మూడింటినీ బట్టి పేర్చుకోవాలని నా అభిప్రాయం. ప్రాగ్‌లో ఈ మూడూ ఎంత ముఖ్యమో మీ తేదీలే చెబుతున్నాయి. శనివారం యూదుల విశ్రాంతి దినం కనుక యూదుల పేటలోని ప్రార్థనా మందిరాలు, శ్మశానవాటిక సందర్శకులకు మూసి ఉంటాయి. ఆదివారం ఉదయం కోటలోని సెయింట్ వైటస్ కెథడ్రల్‌లో ఆరాధన జరుగుతుంది కాబట్టి మధ్యాహ్నం దాకా సందర్శకులను అనుమతించరు. తెలియక చాలామంది శనివారం యూదుల పేటకు, ఆదివారం పొద్దున్నే కోటకు వెళ్ళి రెండు చోట్లా తలుపుల ముందు నిలబడతారు. మీరు దీనిని తిరగవేసి, శనివారం కోట, ఆదివారం యూదుల పేట పెట్టుకోండి.

వల్తావా నది నగరాన్ని రెండుగా చీలుస్తూ దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. తూర్పు ఒడ్డున ఉన్న పాత పట్టణం, యూదుల పేట దాదాపు చదునుగా ఉంటాయి. పడమటి ఒడ్డున మాలా స్ట్రానా పేట, దాని పైన కోట ఉన్న కొండ ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం ప్రయాణపు అలసట ఉంటుంది కాబట్టి చదునుగా ఉన్న పాత పట్టణానికే పరిమితం కండి. అక్కడి పురభవనం గోపురం సుమారు 70 మీటర్ల ఎత్తు ఉంటుంది; పైకి లిఫ్టు ఉంది. సూర్యాస్తమయానికి కాస్త ముందు ఎక్కితే ఎర్రటి పెంకుల కప్పులన్నీ ఒక్కచోట కనిపిస్తాయి, మరునాడు ఎటు నడవాలో కూడా అక్కడే అర్థమవుతుంది. ఆ భవనం తూర్పు వైపున చప్టాలో 27 తెల్లని శిలువ గుర్తులు పరచి ఉంటాయి. 1621 జూన్ 21న, హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తిపై తిరుగుబాటు చేసినందుకు 27 మందిని అక్కడే ఉరి తీశారు, తలలు నరికారు. అవి కాళ్ళ కింద ఉండడం వల్ల ఎక్కువమంది గమనించకుండానే వాటి మీదుగా నడిచిపోతారు.

శనివారం తెల్లవారుజామునే చార్లెస్ వంతెన మీదికి వెళ్ళండి. సెప్టెంబరు మధ్యలో అక్కడ సూర్యోదయం సుమారు ఆరున్నర దాటాక అవుతుంది. ఆ వేళ వంతెన మీద ఫొటోగ్రాఫర్లు, పరుగెత్తేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. పది గంటలు దాటితే జాతరకు వచ్చినట్టుంటుంది. 1342 వరదలో పాత రాతి వంతెన కొట్టుకుపోయాక, 1357లో నాలుగవ చార్లెస్ చక్రవర్తి దీనికి శంకుస్థాపన చేశాడు. 16 కమానులు, 516 మీటర్ల పొడవు, రెండు వైపులా 30 విగ్రహాలు. విగ్రహాలలో ఎక్కువ భాగం ఇప్పుడు నకళ్ళే. వానకూ పొగకూ దెబ్బతిన్న అసలు విగ్రహాలను మ్యూజియంలో భద్రపరిచారు. వంతెన సున్నంలో కోడిగుడ్లు కలిపారని, దేశం నలుమూలల నుంచి బళ్ళ మీద గుడ్లు వచ్చాయని, ఒక ఊరివాళ్ళు దారిలో పగులుతాయేమోనని ఉడకబెట్టి పంపారని అక్కడ ఒక కథ చెబుతారు. డంగు సున్నంలో బెల్లం, కోడిగుడ్లు కలిపారన్న మాట వింటూ పెరిగిన మనకు ఇది పరాయి కథలా అనిపించదు.

వంతెన మీద నెపోముక్ యోహాను అనే మతగురువు విగ్రహం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రాజు ఆజ్ఞతో ఆయనను 1393లో ఈ నదిలో పడవేశారు. విగ్రహాన్ని 1683లో నిలిపారు. దాని పీఠంలో రెండు లోహపు ఫలకాలు ఉన్నాయి. నల్లబడిన ఆ ఫలకాలలో తలకిందులుగా నదిలోకి పడుతున్న మనిషి బొమ్మ, ఇంకో ఫలకంలో కుక్క బొమ్మ మాత్రం బంగారంలా మెరుస్తుంటాయి. తాకితే శుభం జరుగుతుందన్న నమ్మకంతో అందరూ ఆ రెండు చోట్లనే చేతితో రుద్దడమే అందుకు కారణం. ఆ మతగురువు వెండి సమాధి ఆ రోజే కోటలోని కెథడ్రల్‌లో మీకు కనిపిస్తుంది.

కోటకు కింది నుంచి నడిచి ఎక్కవద్దు. 22వ నంబరు ట్రాము కొండ మీదికి వెళ్తుంది. ప్రాజ్‌స్కీ హ్రాడ్ స్టాపులో దిగితే దాదాపు చదునుగా కొన్ని నిమిషాలు నడిచి కోట రెండవ ప్రాంగణం చేరవచ్చు. ఓపిక ఉంటే ఇంకొంచెం ముందుకు వెళ్ళి పొహోర్జెలెట్స్ స్టాపులో దిగి, స్ట్రహోవ్ మఠం దగ్గర నగరాన్ని చూసి, వాలు వెంట కోటకు దిగి రావచ్చు. దిగడం కూడా మోకాళ్ళకు శ్రమే గనుక, చూడడం ముగిశాక తిరిగి అదే ట్రాము ఎక్కడం మీకు మంచిది. నడవగలిగినవారు మాత్రం నెరుదోవా వీధి గుండా కిందికి నడిచి వచ్చి మిమ్మల్ని కలుసుకోవచ్చు. కోట ప్రాంగణాలలో తిరగడానికి టికెట్టు అక్కరలేదు; లోపలి భవనాలకు మాత్రం కొనాలి. రద్దీ పెరగకముందే చూడాలంటే తొమ్మిది గంటలకు తలుపులు తెరిచే వేళకు అక్కడ ఉండండి.

కోట అన్న మాట విని గోల్కొండ లాంటి బురుజులను ఊహించుకోకండి. సుమారు 70,000 చదరపు మీటర్ల విస్తీర్ణంలో రాజభవనాలు, చర్చిలు, వీధులు ఉన్న చిన్న పట్టణం అది. దేశాధ్యక్షుని కార్యాలయం నేటికీ అందులోనే ఉంది. సమయమంతా కెథడ్రల్‌కూ పాత రాజభవనానికీ ఇవ్వండి. 1344లో మొదలైన కెథడ్రల్ నిర్మాణం యుద్ధాలు, డబ్బు కొరత కారణంగా ఆగుతూ సాగుతూ 1929లో పూర్తయింది. అందుకే తూర్పు భాగం మధ్యయుగానిది, మీరు లోపలికి వెళ్ళే పడమటి భాగం మన తాతల కాలం నాటిది. లోపల ఎడమవైపు కిటికీలలో ఒకటి చెక్ చిత్రకారుడు అల్ఫాన్స్ ముఖా చిత్రించినది. పాత రాజభవనంలో ఒక మామూలు గది, మామూలు కిటికీ చూపిస్తారు. 1618 మే 23న ప్రొటెస్టెంట్ ప్రభువులు చక్రవర్తి ప్రతినిధులిద్దరినీ వారి కార్యదర్శినీ ఆ గది కిటికీలోంచి కిందికి విసిరేశారు. అంత ఎత్తు నుంచి పడినా ముగ్గురూ బతికారు గానీ, అక్కడ రాజుకున్న గొడవ ఐరోపాను 30 ఏళ్ళ యుద్ధంలోకి దించింది. బంగారు వీధి అని పిలిచే చిన్న ఇళ్ళ వరసలో రచయిత కాఫ్కా 1916–17లో కూర్చుని రాసుకున్న 22వ నంబరు ఇల్లు ఉంది. పగలంతా అక్కడ భుజాలు రాసుకుంటూ నడవాలి. రద్దీ చూసి వదిలేసినా పెద్ద నష్టం లేదు.

ఆదివారం ఉదయం యూదుల పేట చూసి, మధ్యాహ్నం ఏ పనీ పెట్టుకోకుండా నది ఒడ్డున కూర్చోండి, లేదా మెట్రోలో వైషెహ్రాడ్ గుట్టకు వెళ్ళండి. అక్కడి శ్మశానంలో సంగీతకారులు స్మెతానా, ద్వోర్జాక్, చిత్రకారుడు ముఖా సమాధులున్నాయి. సామాను ప్రధాన రైల్వే స్టేషన్ లాకర్లలో పెట్టుకోవచ్చు.

ప్రశ్న: పాత పట్టణంలోని ఖగోళ గడియారం గురించి అందరూ గొప్పగా చెబుతారు. మా అమ్మాయి చూసి వచ్చి, "గంట కొట్టినప్పుడు బొమ్మలు నిమిషం కూడా కదలలేదు, అందుకోసం అరగంట నిలబడ్డాం" అంది. అది నిజంగా చూడదగినదేనా?
– విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా గంట గంటకూ అస్థిపంజరం తాడు లాగుతుంది, కిటికీలలో క్రీస్తు శిష్యుల బొమ్మలు వరసగా తొంగి చూస్తాయి, బంగారు కోడి కూస్తుంది, అంతటితో ఆట ముగుస్తుంది. ఆ బొమ్మలు తరవాతి కాలంలో చేరినవి. 1410లో కదాన్ వాసి మికులాష్ అనే గడియారాల నిపుణుడు, జ్యోతిశ్శాస్త్ర పండితుడు యాన్ షిండెల్ కలిసి తయారు చేసింది వాటి కింద ఉన్న పెద్ద ముఖాన్ని. గంటకు పది నిమిషాల తరవాత, జనం చెదిరిపోయాక, మీరు దాని ముందు నిలబడండి. గణితం చెప్పినవారు కాబట్టి మీకు పావుగంట చాలదు.

పంచాంగం చూడడం తెలిసినవారికి ఆ ముఖం సగం తెలిసిన పుస్తకంలా ఉంటుంది. బంగారు సూర్యుడున్న ముల్లు రోమన్ అంకెల మీద స్థానిక కాలాన్ని చూపిస్తుంది. అదే సూర్యబింబం, మధ్యకు కాస్త ఒరిగి తిరిగే రాశిచక్రం మీద సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో కూడా చూపిస్తుంది. సగం వెండి, సగం నలుపు ఉన్న చిన్న చంద్రగోళం తిరుగుతూ శుక్ల, కృష్ణ పక్షాలను చూపిస్తుంది. కాబట్టి తిథిని మీరు అక్కడే దాదాపుగా అంచనా వేయవచ్చు. అయితే అది సాయన రాశిచక్రం. దాని లెక్కలో సూర్యుడు మార్చి 21 ప్రాంతంలోనే మేషంలోకి వస్తాడు. మన పంచాంగాలు అనుసరించే నిరయన పద్ధతిలో అది ఏప్రిల్ 14 ప్రాంతంలో జరుగుతుంది. సెప్టెంబరు మధ్యలో మన లెక్కకు సూర్యుడు సింహం దాటుతుండగా, అక్కడ కన్య చివరలో కనిపిస్తాడు. గడియారం తప్పుగా ఉందని అనుకోవద్దు.

అన్నిటికన్నా బయట నల్లని వలయం మీద పాత లిపిలో 1 నుంచి 24 దాకా బంగారు అంకెలు ఉంటాయి. అది పాత చెక్ కాలం. మన సంప్రదాయంలో రోజు సూర్యోదయంతో మొదలైతే, ఆ లెక్కలో సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అస్తమయ వేళ ఋతువుతో మారుతుంది కాబట్టి ఆ వలయం కూడా ఏడాది పొడవునా అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. నీలి భాగం మీద వంకరగా గీసిన బంగారు గీతలు పగటిని 12 సమభాగాలు చేస్తాయి. వేసవిలో ఆ భాగాలు పెద్దవి, చలికాలంలో చిన్నవి. దినమానాన్ని ఎనిమిది భాగాలు చేసి రాహుకాలం లెక్కకట్టేవారికి ఈ పద్ధతిని విడమరచి చెప్పనక్కరలేదు.

కింది చక్రం తేదీలది. ఏడాదికి ఒకసారి తిరుగుతుంది. దాని మీద చిత్రకారుడు యోసెఫ్ మానెస్ 19వ శతాబ్దంలో వేసిన పన్నెండు నెలల బొమ్మల నకలు ఉంది. అన్నీ పల్లె పనులే. డిసెంబరు బొమ్మలో పందిని కోస్తుంటారు. గడియారాన్ని తయారు చేసినవాడు మరో ఊరికి అలాంటిది చేయకుండా కళ్ళు పొడిపించారన్న కథను గైడ్లు తప్పకుండా చెబుతారు. అది కల్పన. గడియారం చుట్టూ అందరూ తలలెత్తి చూసే ఆ నిమిషంలోనే జేబుదొంగలు పని చేస్తారన్నది మాత్రం నిజం.

ఖగోళం మీద ఆసక్తి ఉంటే చౌకు అవతలి టీన్ చర్చిలో 1601లో చనిపోయిన ఖగోళ శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహీ సమాధిని కూడా చూడండి. ఆయన పరిశీలనల ఆధారంగా కెప్లర్ గ్రహగతుల మొదటి రెండు సూత్రాలను రాబట్టింది ఈ ఊళ్ళోనే. 1609లో వాటిని ప్రకటించాడు.

ప్రశ్న: విహారయాత్రలో శ్మశానం చూడడమేమిటని మా ఇంట్లో అంటున్నారు. యూదుల పేట టికెట్టు ఖరీదు కూడా ఎక్కువే. తప్పక చూడవలసిందేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నన్నడిగితే కోట వదిలేసినా దీన్ని వదలవద్దంటాను. 15వ శతాబ్దం నుంచి 1787 దాకా ప్రాగ్ యూదులకు ఖననం చేసుకోవడానికి దాదాపు ఈ ఒక్క స్థలమే ఉండేది. కొత్త నేల దొరకలేదు, పాత సమాధులను కదిలించడానికి మతం ఒప్పుకోదు. అందుచేత మట్టి పోసి పైన మరో వరస, దాని పైన ఇంకో వరస పాతిపెట్టారు; కొన్నిచోట్ల 12 వరసలు ఉన్నాయంటారు. ప్రతిసారీ పాత రాళ్ళను పైకి తెచ్చి నిలపడంతో ఇప్పుడు సుమారు 12,000 రాళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి కనిపిస్తాయి. రాళ్ళ మీద బొమ్మలు చూడండి: ఆశీర్వదిస్తున్న రెండు చేతులుంటే అది పురోహిత వంశం, కూజా ఉంటే వారికి చేతులు కడిగే లేవీయుల వంశం.

పక్కనే పింకస్ ప్రార్థనా మందిరం గోడల నిండా, నాజీలు చంపిన దాదాపు 80,000 మంది యూదుల (నేటి చెక్ దేశంలోని బొహీమియా, మొరావియా ప్రాంతాలవారు) పేర్లు చేత్తో రాసి ఉన్నాయి. ఇంటిపేరు ఎర్రగా, తరవాత పేర్లు, పుట్టిన తేదీ, ఆఖరుసారి బతికి ఉన్నట్టు తెలిసిన తేదీ. పై అంతస్తులో తెరెజీన్ నిర్బంధ శిబిరంలో పిల్లలు వేసిన బొమ్మలు ఉన్నాయి. చిన్నపిల్లలను తీసుకువెళ్తే ముందుగా నాలుగు మాటలు చెప్పి తీసుకువెళ్ళండి. మగవారు తల కప్పుకోవాలి. శనివారాలతో పాటు యూదుల పండుగలకు కూడా మూసివేస్తారు. వారి కొత్త సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే వస్తుంది కాబట్టి తేదీలు చూసుకుని టికెట్టు కొనండి.

ప్రశ్న: మేము శాకాహారులం, గుడ్డు కూడా తినం. అక్కడ ఏం తినాలి? ఇంటి నుంచి ఏం తీసుకువెళ్ళవచ్చు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చెక్ వంటలో మాంసం ఎక్కువ. స్వీచ్‌కోవా పేరుతో అన్ని చోట్లా కనిపించే వంటకం గొడ్డు మాంసంతో చేసేది. శాకాహారమని చూపించే వేయించిన చీజ్ పైపూతలో గుడ్డు ఉంటుంది, బంగాళదుంప అట్లలోనూ గుడ్డు పడుతుంది, కూరగాయల సూపు మాంసపు రసంతో చేసినదై ఉండవచ్చు. మాంసం లేకుండా అనడానికి "బెజ్ మసా" అంటారు, కానీ ఆ మాట ఒక్కదానితో మీ పని జరగదు. ఏవేవి తినరో చెక్ భాషలో ఫోనులో రాసిపెట్టుకుని చూపించండి. నగరంలో భారతీయ భోజనశాలలు, శాకాహార హోటళ్ళు తగినన్ని ఉన్నాయి కాబట్టి ఆకలికి భయపడనవసరం లేదు. కుళాయి నీళ్ళు తాగవచ్చు. వీధుల్లో కడ్డీకి చుట్టి కాల్చే త్రదెల్నీక్ అనే తీపి రొట్టెను ప్రాచీన చెక్ వంటకమని అమ్ముతారు. తినడానికి బాగానే ఉంటుంది, కానీ ప్రాగ్‌లో దాని ప్రాచీనత పర్యాటకులతో పాటు వచ్చినదే.

భారతదేశం నుంచి ఐరోపా సమాఖ్యలోకి వెళ్ళేవారు మాంసం, పాల పదార్థాలు తీసుకురాకూడదన్న నిబంధన ఉంది. నెయ్యి, పాలకోవా ఆ కోవలోకే వస్తాయి. పచ్చి కరివేపాకు కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి, అటుకులు పెట్టుకోండి. వంటగది ఉన్న గది తీసుకుంటే రెండు పూటలు గడిచిపోతాయి.

ప్రశ్న: ప్రాగ్‌లో యూరోలు చెల్లుతాయా? డబ్బు మార్చేచోట, ట్రాములలో మోసాలు జరుగుతాయని విన్నాను.
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: చెక్ రిపబ్లిక్ 2004లోనే ఐరోపా సమాఖ్యలో చేరినా యూరోను తీసుకోలేదు, అక్కడి నాణెం కొరునా. కొన్ని దుకాణాలు యూరోలు తీసుకుంటాయి గానీ తమకు నచ్చిన రేటు కడతాయి. కార్డు దాదాపు అంతటా చెల్లుతుంది. ఏ.టి.ఎం. మీ కరెన్సీలోకి మార్చి చూపించనా అని అడిగితే వద్దనండి, కొరునాలోనే తీసుకోండి. వీధిలో ఎవరైనా మంచి రేటు ఇస్తామని వస్తే ఆగకండి. చేతిలో పెట్టేవి వేరే దేశపు చెల్లని నోట్లై ఉండవచ్చు. మార్పిడి దుకాణంలో మోసపోయామనిపిస్తే 2019 నుంచి ఒక చట్టం మీ పక్షాన ఉంది: 1,000 యూరోల విలువ లోపు మార్పిడిని మూడు గంటలలోగా రద్దు చేసి డబ్బు వెనక్కి అడగవచ్చు. రసీదు పారేయకండి.

ట్రాము, బస్సు, మెట్రోలకు ఒకటే టికెట్టు, దూరాన్ని బట్టి కాక సమయాన్ని బట్టి కొనాలి. కాగితం టికెట్టు కొనగానే సరిపోదు. పసుపు పచ్చని యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకున్న క్షణం నుంచే అది చెల్లుతుంది. ముద్ర లేని టికెట్టుతో మామూలు దుస్తులలో ఉండే తనిఖీదారులకు దొరికితే జరిమానా కట్టాలి. ఇందులో మోసమేమీ లేదు, నియమమే అంత.

ప్రశ్న: అదే రెండున్నర రోజులలో చెక్ దేశపు దక్షిణాన ఉన్న చెస్కీ క్రుమ్‌లోవ్ పట్టణం కూడా చూసి రావచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. వెళ్ళడానికి సుమారు మూడు గంటలు, రావడానికి మూడు గంటలు పోతాయి. అంతగా బయటి ఊరు చూడాలనుంటే రైలులో గంట దూరంలో కుట్నా హోరా ఉంది, కానీ దానికి కూడా మరో రోజు కలుపుకోగలిగితేనే వెళ్ళండి. ఆ తీరిక లేకపోతే, శనివారం మిగిలిన మధ్యాహ్నాన్ని మాలా స్ట్రానాలోని వాలెన్‌స్టైన్ ఉద్యానవనానికి ఇవ్వండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది, ప్రవేశం ఉచితం, గడ్డి మీద నెమళ్ళు తిరుగుతుంటాయి, మెట్రో స్టేషన్ గేటు పక్కనే ఉంది.